మార్చిలో చెప్పే లెక్క: మున్సిపాలిటీ ఏడాది నివేదికలో ఏం చూడాలి

ఏటా ఫిబ్రవరి, మార్చి నెలల్లో జిల్లా ఎడిషన్ లోపలి పేజీలో ఒక వార్త తప్పకుండా వస్తుంది. ఫలానా మున్సిపాలిటీ బడ్జెట్‌కు ఆమోదం, ఆదాయం ఇన్ని కోట్లు, ఖర్చు ఇన్ని కోట్లు, మిగులు ఇంత. పక్కన సమావేశం ఫొటో, బల్ల మీద ఫైళ్లు, వాటి ముందు వాటర్ బాటిళ్లు. ఊరి పేరు తీసేస్తే అది కావలిదో కందుకూరుదో చీమకుర్తిదో ఎవరూ చెప్పలేరు. చదివినవాళ్లకు మిగిలేది ఒకటే అనుమానం: ఇన్ని కోట్లుంటే మా వీధి చివర కాలువ మీద పలక వేయడానికి ఏమొచ్చింది? ఆ వార్తలో దానికి జవాబు దొరకదు. ఆ కాగితం తయారైంది వేరే వాళ్ల కోసం, ఈ వ్యాసం చెప్పదలచుకున్నది ముఖ్యంగా అదే.

మున్సిపాలిటీ ఏడాదంతా ఏం చేసిందో జనానికి తెలిసే దారులు నిజానికి చాలా తక్కువ. ఒకటి ఈ బడ్జెట్ వార్త. రెండోది ఇంటికొచ్చే పన్ను డిమాండు నోటీసు. మూడోది ఆఫీసు గోడకో సెంటర్లోనో కట్టే ఫ్లెక్సీ, అందులో వేసిన సీసీ రోడ్ల కిలోమీటర్లు, మార్చిన వీధి లైట్ల సంఖ్య, నాటిన మొక్కలు. వీటికి వెనక అసలు రిపోర్టులు, ఆడిట్ పుస్తకాలు ఉంటాయి, అవి బీరువాల్లోనో పోర్టళ్లలోనో ఉంటాయి. ఫ్లెక్సీని పక్కన పెడదాం, దాని సంగతి అందరికీ తెలిసిందే. మిగతా రెంటినీ కాస్త ఓపికగా చూస్తే మాత్రం బోలెడంత తెలుస్తుంది.

ముందు బడ్జెట్. బడ్జెట్ అంటే జరిగినదాని లెక్క అని చాలామంది అనుకుంటారు, ముఖ్యంగా అది రాబోయే ఏడాదికి వేసుకునే అంచనా. బడ్జెట్ పుస్తకం తెరిస్తే ఒక్కో పద్దుకి ఎదురుగా మూడు రకాల అంకెలు ఉంటాయి. 2026 మార్చిలో ఆమోదించే బడ్జెట్‌నే తీసుకుంటే, 2024-25లో నిజంగా వచ్చింది, ఖర్చయింది ఒక వరుస; 2025-26కి సవరించిన అంచనా ఇంకో వరుస; 2026-27కి అంచనా మూడో వరుస. పేపర్లో హెడ్డింగ్ అయ్యేది మూడో వరుస. అందులో కేంద్రం నుంచి, రాష్ట్రం నుంచి వస్తాయని ఆశపడే గ్రాంట్లన్నీ ఆదాయం కింద రాసుకుంటారు కాబట్టి అది ఎప్పుడూ ఘనంగానే కనిపిస్తుంది. నిజం ఉండేది మొదటి వరుసలో. ఒక పద్దుకి రెండేళ్ల కింద ఎంత అంచనా వేశారు, చివరికి ఎంత వచ్చింది అని పాత పుస్తకం పక్కన పెట్టుకుని చూస్తే, ఆ ఊరి మున్సిపాలిటీ మాటకి ఎంత విలువ ఇవ్వొచ్చో పది నిమిషాల్లో తేలిపోతుంది. పాత పుస్తకం దొరకడమే కష్టం, అది వేరే కథ.

మిగులు బడ్జెట్ అన్న మాట కూడా జాగ్రత్తగా వినాలి. చాలాసార్లు ఆ మిగులులో గత ఏడాది నుంచి మోసుకొచ్చిన నిల్వ ఉంటుంది, ఆ నిల్వలో ఫలానా పనికే వాడాలని కట్టిపడేసిన గ్రాంటు ఉంటుంది. నీటి పనికి వచ్చిన డబ్బు ఖర్చు పెట్టలేక మిగిలిపోతే అది మిగులు అనిపించుకుంటుంది, పైప్‌లైన్ కోసం ఎదురుచూసే వీధికి మాత్రం అది మిగులెలా అవుతుంది?

ఇక పన్నుల సంగతి. మున్సిపల్ ఆఫీసులో రెవెన్యూ సెక్షన్ వాళ్లని ఏ లెక్క అడిగినా డీసీబీ అంటారు. డిమాండు, కలెక్షన్, బ్యాలెన్స్. ఏడాది నివేదిక మొత్తంలో ఒక్క పేజీ మాత్రమే చదివే టైముంటే ఈ పేజీ చదవాలి. ఒక ఊరిని ఊహించుకుందాం. పాత బకాయి 6 కోట్లు, ఈ ఏడాది డిమాండు 4 కోట్లు, మొత్తం రావాల్సింది 10 కోట్లు. ఏడాది చివరికి ఈ ఏడాది డిమాండులో మూడున్నర కోట్లు, పాత బకాయిలో కోటిన్నర వసూలైంది. ఇప్పుడు కమిషనర్ మైకు ముందు ‘ఈ ఏడాది డిమాండులో 87 శాతం వసూలు చేశాం’ అంటే అబద్ధం కాదు. ప్రతిపక్ష కౌన్సిలర్ లేచి ‘సగమే వసూలు చేశారు’ అన్నా అబద్ధం కాదు. ఇద్దరూ ఒకే పేజీ చూసి మాట్లాడుతున్నారు. బకాయి 6 కోట్ల నుంచి 5 కోట్లకు దిగింది కదా, అది మెచ్చుకోవాల్సిందే. కానీ అడగాల్సిన ప్రశ్న ఆ మిగిలిన 5 కోట్లు ఎవరి దగ్గర ఉన్నాయని. వెయ్యి రెండు వేలు కట్టలేని వేలాది చిన్న ఇళ్ల దగ్గరా, లేక లక్షల్లో బాకీ పడ్డ కొన్ని కల్యాణ మండపాలు, షాపింగ్ కాంప్లెక్సులు, ప్రభుత్వ ఆఫీసుల దగ్గరా? రెండిటికీ చేయాల్సిన పని పూర్తిగా వేరు. చిన్నింటి ముందు కొళాయి కట్ చేస్తామని బెదిరించడం తేలిక, సర్కారీ ఆఫీసు ముందు ఆ మాట అనడం కష్టం. (కేంద్ర ప్రభుత్వ ఆస్తులకైతే రాజ్యాంగంలోని 285వ అధికరణం ప్రకారం పన్నే ఉండదు, వాటి దగ్గర సేవా చార్జీ లాంటిది తీసుకుంటారు. రాష్ట్ర ప్రభుత్వ ఆఫీసులకు ఆ మినహాయింపు లేదు.)

డిమాండు నోటీసు దగ్గరికి వద్దాం. ఊళ్లో ఇల్లున్న ప్రతివాళ్లకూ చేరే మున్సిపల్ కాగితం ఇదొక్కటే. అసెస్‌మెంట్ నంబరు, ఇంటి నంబరు, ఏప్రిల్ నుంచి సెప్టెంబరు ఒక అర్ధ సంవత్సరం, అక్టోబరు నుంచి మార్చి ఇంకొకటి, పాత బకాయి, వడ్డీ. ఏప్రిల్ నెలలోనే ఏడాదికి సరిపడా కట్టేస్తే 5 శాతం తగ్గింపు, ఇది చాలామంది వాడుకుంటారు. మన ఆంధ్రప్రదేశ్‌లో 2021 ఏప్రిల్ 1 నుంచి పన్ను లెక్కగట్టే పద్ధతే మారింది. అంతకుముందు ఇంటికి ఎంత అద్దె వస్తుందన్న అంచనా మీద వేసేవాళ్లు, ఆ తరవాత రిజిస్ట్రేషన్ విలువ ఆధారంగా ఆస్తి మూలధన విలువ మీద వేయడం మొదలైంది. ఒక్కసారిగా భారం పడకుండా ఏటా పెంపు 15 శాతం దాటకూడదని పరిమితి పెట్టారు. 15 శాతమే కదా అనిపిస్తుంది. వెయ్యి రూపాయల పన్ను మొదటి ఏడు 1150, తరవాత 1322, ఆ పైన 1521, 1749, అయిదో పెంపుకి 2011 రూపాయలు. అయిదు పెంపులు పూర్తిగా పడితే పన్ను రెట్టింపు. కొత్త విలువ ప్రకారం రావాల్సిన పన్నుకి చేరాక ఆ ఇంటికి పెంపు ఆగుతుంది, ఎక్కడ ఆగుతుందో మాత్రం నోటీసులో కనిపించదు. ఏడాది నివేదికలో ‘పన్ను ఆదాయం పెరిగింది’ అని గొప్పగా రాస్తే, అందులో ఈ 15 శాతం వల్ల వచ్చిందెంత, కొత్త ఇళ్లను లెక్కలోకి తేవడం వల్ల వచ్చిందెంత అని విడదీసి చెప్పాలి. మొదటిది పాత ఇళ్ల జేబులోంచి వచ్చింది, రెండోది ఆఫీసు పని చేస్తే వచ్చింది.

అదే నోటీసులో గ్రంథాలయ సెస్సు అని చిన్న పద్దు ఉంటుంది. పన్ను రూపాయికి 8 పైసలు, అంటే వెయ్యికి 80. ఇది మున్సిపాలిటీ సొమ్ము కాదు, వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. చాలా చోట్ల ఏళ్ల తరబడి జమ కాలేదన్నది ఎప్పటినుంచో ఉన్న గొడవే. మున్సిపాలిటీ మొత్తం వసూలు చెప్పేటప్పుడు ఈ 8 పైసలు కలిపి చెబుతుంది, బాకీలు చెప్పేటప్పుడు దాని ఊసు ఎత్తదు. ఊళ్లో లైబ్రరీకి పేపర్లు రావడం ఎందుకు ఆగిందో ఆరా తీసేవాళ్లు మొదట చూడాల్సింది ఈ పద్దునే.

ఇప్పుడు ఈ లెక్కలన్నీ ఎవరికి చెబుతున్నారన్న ప్రశ్నకొద్దాం. 15వ ఆర్థిక సంఘం 2021 నుంచి 2026 వరకు పట్టణాలకు ఇచ్చిన గ్రాంట్లకు కొన్ని షరతులు పెట్టింది. గడిచిన ఏడాది లెక్కలు, అంతకుముందు ఏడాది ఆడిట్ అయిన లెక్కలు ఆన్‌లైన్‌లో జనం చూసేలా పెట్టాలి. ఆస్తి పన్నుకి కనీస రేటు ఖరారు చేయాలి, రాష్ట్ర స్థూల ఉత్పత్తి పెరిగే తీరులో పన్ను వసూలు కూడా పెరుగుతున్నట్టు చూపించాలి. కావలి, కందుకూరు లాంటి మామూలు పట్టణాలకు వచ్చిన ఆ గ్రాంటులో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యానికే వాడాలన్నారు, మిగిలిన 40 శాతం మాత్రం ఊరికి నచ్చిన అవసరానికి, జీతాలకు మాత్రం కాదు. షరతులు మంచివే. వీటివల్లే కేంద్రం నడిపే సిటీ ఫైనాన్స్ పోర్టల్‌లో చిన్న చిన్న పట్టణాల బ్యాలెన్స్ షీట్లు కూడా దొరుకుతున్నాయి, ఇరవై ఏళ్ల కింద ఇది ఊహకి కూడా అందని సంగతి. కానీ దీని ఫలితం ఇంకోటి ఉంది. లెక్క రాసే అకౌంటెంట్ మనసులో ఉండే పాఠకుడు పక్క వీధి మనిషి కాదు, అమరావతిలోనో ఢిల్లీలోనో అప్‌లోడ్ అయిందా లేదా అని చూసే అధికారి. అతనికి కావాల్సింది ఊరు మొత్తానికి ఒక అంకె. ఊళ్లో వాళ్లకి కావాల్సింది వార్డుకో అంకె. రెండోది రాయమని ఎవరూ అడగరు కాబట్టి ఎవరూ రాయరు.

నీళ్ల దగ్గర ఈ తేడా బాగా బయటపడుతుంది. కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ 2008లోనే నీళ్లు, మురుగు, చెత్త, వాన నీటి కాలువలు అనే నాలుగు సేవలకు కలిపి 28 కొలమానాలు ఇచ్చింది. మనిషికి రోజుకి 135 లీటర్లు, 24 గంటలూ సరఫరా, లెక్కకు రాకుండా పోయే నీళ్లు 20 శాతం దాటకూడదు, ఇలా. కావలినే తీసుకుంటే 2011 జనాభా లెక్కల్లో 90 వేల పైచిలుకు మంది. మనిషికి 135 చొప్పున రోజుకి కోటీ 21 లక్షల లీటర్లు కావాలి. ఆ తరవాత పదిహేనేళ్లు గడిచిపోయాయి, కొత్త కాలనీలు లేచాయి, అయినా కొత్త జనాభా లెక్కలు వచ్చేదాకా చాలా కాగితాల్లో భాగహారం 2011 అంకెతోనో దాని మీద వేసిన అంచనాతోనో నడుస్తుంది. ఫిల్టర్ హౌస్ నుంచి బయటకు వదిలిన నీళ్లని ఈ జనాభాతో భాగిస్తే వచ్చే అంకెనే తలసరి సరఫరా అంటారు. కొళాయి దగ్గర ఆ లెక్క నిలబడదు. రోజు మార్చి రోజు తెల్లవారుజామున నీళ్లు వదిలే వీధిలో నలుగురున్న ఇంట్లో డ్రమ్ము, రెండు బకెట్లు, సిమెంటు తొట్టి అన్నీ నింపితే ఓ 400 లీటర్లు అనుకుందాం. రెండు రోజులకి, నలుగురికి పంచితే మనిషికి 50 లీటర్లు. నివేదికలో వందకు పైనే ఉండొచ్చు. మధ్యలో పోయింది పైపు లీకుల్లోనా, మోటార్లు బిగించి లాగేసుకునే ఇళ్లలోనా, పల్లంలో ఉన్న వీధులకే ముందు దిగిపోతోందా? ఇది తెలిసింది నివేదిక రాసేవాళ్లకి కాదు, వాల్వు తిప్పే మనిషికి. ఏ వీధికి ఎన్నింటికి తిప్పాడో, ఎంతసేపు తెరిచి ఉంచాడో అతనికి నోటికొచ్చు.

ఒంగోలు వాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. సాగర్ కుడి కాలువ నీళ్లతో సమ్మర్ స్టోరేజీ ట్యాంకులు నింపుకుని, అవి అయిపోయే లోపు మళ్లీ కాలువ వదులుతారా అని ఎదురుచూసే నగరానికి ఏడాది సగటు అనే అంకెతో పనేముంది? మే నెలలో ఎన్ని రోజులకోసారి వచ్చాయన్నదే లెక్క.

ఇక్కడే ఈ రెండు జిల్లాలకు ప్రత్యేకమైన ఒక ఇబ్బంది ఉంది, దీన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. నెల్లూరు, ప్రకాశం తీరంలో గట్టి వానలు పడేది అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య, ఈశాన్య రుతుపవనాలకి, తుపాన్లకి. 2015 నవంబరు, 2021 నవంబరు, 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను, ఇవన్నీ ఆ మూడు నెలల్లోవే. అంటే మున్సిపాలిటీకి కాలువల పరీక్ష అప్పుడు, నీళ్ల పరీక్ష ఏప్రిల్, మే, జూన్‌లలో. లెక్క చెప్పేది మాత్రం మార్చిలో. నవంబరులో మోకాలి లోతు నీళ్లలో నడిచిన కోపం అప్పటికి చల్లారిపోయి ఉంటుంది, ఎండాకాలం బిందెల బారు ఇంకా మొదలై ఉండదు. ఊరు ఏడాది మొత్తంలో కాస్త బాగుండే నెల చూసుకుని లెక్క చెబుతున్నట్టుంటుంది. కావాలని చేసింది కాదు, ఆర్థిక సంవత్సరం అలా ఉంది, అంతే. కానీ ‘కాలువల్లో పూడిక తీశాం, ఇంత ఖర్చయింది’ అన్న వాక్యం మార్చి కాగితంలో చదివినప్పుడు తీసింది ఏ నెలలో అని తప్పకుండా అడగాలి. ఒంగోలులో పోతురాజు కాలువైనా, ఇంకో ఊళ్లో ఇంకో కాలువైనా పూడిక సెప్టెంబరు లోపు తీస్తే పని, జనవరిలో తీస్తే బిల్లు. తీసిన మట్టి గట్టు మీదే కుప్పలు పోసి వదిలేస్తే మొదటి వానకే మళ్లీ లోపలికి వస్తుంది, అప్పుడు అదే మట్టిని వచ్చే ఏడు మళ్లీ తీస్తారు, మళ్లీ బిల్లు అవుతుంది.

చెత్త సంగతి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. 2021 అక్టోబరు 2న ఇంటింటి చెత్త సేకరణ కొత్త ఆటోలతో మొదలైంది, దానికి జనం దగ్గర నెలనెలా చార్జీ వసూలు చేశారు, చెత్త పన్ను అని పేరు పడింది, పెద్ద గొడవే అయింది, 2024లో ప్రభుత్వం మారాక దాన్ని ఎత్తేశారు. పన్ను పోయింది, చెత్త మాత్రం రోజూ వస్తూనే ఉంది, ఆటోల డీజిల్‌కి, మనుషుల కూలికి డబ్బు ఎక్కడో చోటి నుంచి రావాలి. ఎక్కడి నుంచి వస్తోందో ఏడాది లెక్కలో ఒక పేరా ఉండాలి. పర్మినెంట్ ఉద్యోగుల జీతాలు రాష్ట్ర ఖజానా నుంచి 010 పద్దు కింద వస్తాయి, వాటితో ఊరికి బాధ లేదు. పొద్దున్నే చీపురు పట్టుకునే ఔట్‌సోర్సింగ్ కార్మికుల జీతాలు చాలావరకు మున్సిపాలిటీ సొంత నిధుల నుంచే. 2023 డిసెంబరు చివర్లో రాష్ట్రమంతా పారిశుద్ధ్య కార్మికులు సమ్మెకి దిగినప్పుడు ఊళ్లు ఎలా కంపు కొట్టాయో గుర్తుంది కదా. పన్ను వసూలు తగ్గితే మొదట ఆగేది రోడ్డు పని అనుకుంటారు, చాలాసార్లు ఈ జీతాలే ఆలస్యమవుతాయి.

లెక్క ఎంత బాగా రాసినా అడిగే మనిషి లేకపోతే ఉపయోగం లేదు. 2021లో రాష్ట్రంలో చాలా మున్సిపాలిటీలకు ఎన్నికలు జరిగాయి, కావలి, గూడూరు, కందుకూరు మాత్రం కోర్టు కేసుల వంటి కారణాలతో ఆగిపోయాయి. కౌన్సిల్ లేని చోట ప్రత్యేకాధికారి పాలన. అక్కడ బడ్జెట్ ఆమోదం అంటే ఒక సంతకం. కౌన్సిల్ సమావేశాల్లో అరుపులు, మైకు లాక్కోవడాలు, వాకౌట్లు చూసి విసుక్కుంటాం కానీ, ఏదో ఒక కౌన్సిలర్ లేచి ‘మా వార్డుకి ఏం ఇచ్చారు’ అని అడిగి దాన్ని మినిట్స్‌లో రాయించే చోటు అదొక్కటే. అది కూడా లేకపోతే కాగితం పైకి వెళ్లిపోతుంది, అంతే. మున్సిపాలిటీలకు రాజ్యాంగంలో చోటిచ్చిన 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1న అమల్లోకి వచ్చింది, దానిలో వార్డు కమిటీల మాట ఉంది, కానీ 3 లక్షలు, అంతకంటే ఎక్కువ జనాభా ఉన్న చోటే అవి తప్పనిసరి. ఈ లెక్కన ఇక్కడ నెల్లూరు నగరం ఒక్కటే ఆ గీత దాటింది. ఒంగోలు 2011లో 2 లక్షల దగ్గర ఆగింది. వార్డు కమిటీ ఎక్కడ బాగా పని చేస్తుందో ఆ చిన్న ఊళ్లకే, అందరూ అందరికీ తెలిసిన చోటే, దాన్ని తప్పనిసరి చేయలేదు. వింతే.

2019 నుంచి వార్డు సచివాలయాలు ఉన్నాయి కాబట్టి వార్డు లెక్క రాయడం ఇప్పుడు అసాధ్యమేం కాదు. ఒక సచివాలయం పరిధిలో ఎన్ని ఇళ్లు, ఎంత డిమాండు, ఎంత వసూలు, ఎన్ని ఫిర్యాదులు, ఎన్ని లైట్లు వెలగడం లేదు, ఎన్ని రోజులు నీళ్లు రాలేదు, ఇవన్నీ అక్కడి సెక్రటరీల రిజిస్టర్లలోనో ఫోన్లలోనో ఉండే వివరాలే. ఒక్క ఏ4 కాగితం మీద రాసి సచివాలయం గోడకి అంటిస్తే చాలు. అంటించరు, ఎందుకంటే పక్క వార్డుతో పోలిక మొదలవుతుంది. ఆ పోలికే కావాలసింది.

అంటించనప్పుడు అడిగి తీసుకునే వీలుంది. సమాచార హక్కు చట్టంలోని 4(1)(బి) ప్రకారం 17 రకాల వివరాలు ఎవరూ అడగకుండానే బయట పెట్టాలి, అందులో బడ్జెట్ కేటాయింపులు, ఖర్చు కూడా ఉన్నాయి. మున్సిపల్ ఆఫీసుకి దరఖాస్తు ఫీజు 10 రూపాయలు, కాపీకి పేజీకి 2 రూపాయలు, జవాబుకి గడువు 30 రోజులు. ‘మొత్తం నీటి ఖర్చు ఎంత’ అని అడిగితే ఒక అంకె రాసి పంపుతారు, దానితో ఏం చేయాలో తెలియదు. ‘మే 1 నుంచి జూన్ 15 వరకు ఫలానా వార్డుకి పంపిన ట్యాంకర్ల ట్రిప్పు షీట్ల నకళ్లు ఇవ్వండి’ అని అడిగితే వేరు. తేదీ, బండి నంబరు, ఎన్ని లీటర్లు, ఎక్కడ దింపారు, ఎవరు సంతకం పెట్టారు, ఇవన్నీ అందులో ఉండాలి. ఆ కట్ట ఇంటికొచ్చాక చేయాల్సింది పెద్ద లెక్కేం కాదు. ఆ తారీఖుల్లో తమ వీధిలోకి ట్యాంకరు నిజంగా వచ్చిందా లేదా అన్నది బిందెలు పట్టుకుని నిలబడ్డవాళ్లకి గుర్తుంటుంది, సంతకం ఎవరిదో కూడా వాళ్లే చెప్తారు.